పసుపు కింద నాలుగో స్టేజి

నేను ఒక స్టేజి రాయిని. మైలురాయిని కాను. ఆ పొరపాటు చాలామంది చేస్తారు, చేసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మైలురాయి పని ఊరెంత దూరమో చెప్పి ఊరుకోవడం. నా పని అది కాదు. నేను నిలబడ్డ చోట బస్సు చార్జీ మారుతుంది. నాకు ఇటువైపు కలవకొల్లు టౌన్ సర్వీసు, టౌన్ టికెట్టు, టౌన్ పాసు. అటువైపు బయటి ఊళ్ళు, వాటి చార్జీ వేరు. టౌన్ బస్సు నా దాకా వచ్చి, నా చుట్టూ తిరిగి, వెనక్కి పోతుంది. అంత పెద్ద బస్సు నన్ను చూసి వెనక్కి మళ్ళుతుందంటే నా హోదా ఏపాటిదో మీరే ఆలోచించుకోండి.

నేను పుట్టింది కొండ కడుపులో. రాళ్ళు కొట్టే అంకయ్య నన్ను మొదట ఒక మేడ మెట్టు కోసం చీల్చాడు. తీరా చూస్తే ఒక అంచు విరిగింది. "దీన్ని మెట్టుగా ఏస్తే ఇంటాయన కాలిరగ్గొట్టుకుంటాడు" అని పక్కన పడేశాడు. చాలాకాలం కూలీలు నా మీద కూర్చుని సద్ది తిన్నారు. మెట్టును కూడా కాలేకపోయానే అని నేను బెంగపడుతుంటే, బస్సుల వాళ్ళు హద్దు రాయి కావాలని వచ్చారు. అంకయ్య నన్ను లేపి, నా ముఖాన "టౌన్ సర్వీసు హద్దు" అని, దాని కింద పెద్దగా 4 అంకె చెక్కాడు. కలవకొల్లు బస్టాండు నుంచి లెక్కేస్తే నేను నాలుగో స్టేజిని. అక్షరాలు కాస్త వంకర పోయినా లోతుగా తెగాయి. ఆ లోతే తర్వాత నా పరువు నిలబెట్టింది.

నన్ను తెచ్చి ఉప్పుమడుల కాలనీ దాటగానే రోడ్డు అంచున పాతారు. ఒకపక్క తెల్లటి ఉప్పు కుప్పలు, ఇంకోపక్క ఆ మడుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళు. కాలనీ మొత్తం నాకు ఇటువైపే, అంటే టౌన్ హద్దులోనే ఉంది. బయటి ఊళ్ళకు పోయే బస్సులు కూడా నా పక్కనుంచే పోయేవి. నా దగ్గరికి రాగానే కండక్టరు గొంతెత్తేవాడు. "రాయి దాటితే చార్జీ మారుద్ది, దిగేవాళ్ళు దిగండి." అప్పుడు చూడాలి జనం తెలివితేటలు. ఒకసారి సొరకాయల బుట్టతో వెనక సీట్లో కూర్చున్న ఒకాయన, "ముందు చక్రం దాటింది గానీ నేనింకా దాటలా. నా సీటు ఇంకా టౌన్లోనే ఉండాది" అని వాదానికి దిగాడు. కండక్టరు తల బయట పెట్టి నన్నొకసారి చూసి, "అయితే నువ్వు టౌన్లోనే ఉండు పెద్దాయనా, బస్సు పోతాది" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు గానీ టికెట్టు మాత్రం తీసుకోలేదు, దిగి నడిచిపోయాడు.

మనుషులకు హద్దు కనిపించాలి. లేకపోతే తగూ, ఉంటే ఇంకో తగూ. ఇన్నేళ్ళు రోడ్డు పక్కన నిలబడి నేను నేర్చుకున్నది ఇంతే.

ఇక నా జాతకం మారిన సంగతి చెప్పాలి. ఒక దసరాకి డిపోలో కొత్త బస్సు దిగింది. దాని మొదటి ట్రిప్పు డ్రైవరు మస్తాన్. దారి చివర టెంకాయ కొట్టమని డిపో వాళ్ళు ఆయన చేతికి ఒక టెంకాయ ఇచ్చి పంపారు. మస్తాన్ నా దగ్గర బస్సు ఆపి, కొట్టడానికి గట్టి చోటు కోసం నాలుగువైపులా చూశాడు. చుట్టూ ఉప్పు నేల, బురద. నేనొక్కదాన్నే గట్టిగా ఉన్నాను. నా నెత్తినే కొట్టాడు. బస్సుకు పెట్టగా మిగిలిన కుంకుమ కండక్టరు నాకు పెట్టాడు. మరుసటి దసరాకీ అదే జరిగింది. ఆ పైన దారినపోయేవాళ్ళు, ఊరికే పెడతారా, ఏదో మహిమ ఉంటుందని చెప్పుకోసాగారు. తప్పిపోయిన గేదె ఇంటికి వచ్చిందని ఒకామె పసుపు పూసింది. నా ముఖం మీద "హద్దు" అని ఉంది కాబట్టి హద్దులమ్మ అని పేరు పెట్టారు. మస్తాన్ ప్రతి ట్రిప్పులో నన్ను చూసి మీసాల్లో నవ్వుకునేవాడు. "ఇదంతా మన చేతి పనేరా, యాడా అనబాక" అని కండక్టరుతో అనడం నేను విన్నాను. అయినా రిటైరైన రోజు ఆయన కూడా దిగి నాకొక దండ వేసి, కాసేపు ఊరికే నిలబడి వెళ్ళాడు.

కొన్నాళ్ళకు నాగరత్తమ్మ వచ్చింది. నా పక్కన టీ బంకు పెట్టుకుంది. మాట కరుకు, చెయ్యి శుభ్రం. నన్ను చూసుకునే పని ఎవరూ చెప్పకుండానే నెత్తికెత్తుకుంది. ప్రతి శుక్రవారం పొద్దున్నే నా మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించి, పాత పసుపు మీదే కొత్త పసుపు మందంగా మెత్తేది. అట్లా మెత్తీ మెత్తీ అంకయ్య చెక్కిన అక్షరాలు పూర్తిగా పూడిపోయాయి. హద్దులమ్మ అనే పేరు మిగిలింది, ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరూ మరిచిపోయారు.

ఒక్క సువార్త మరిచిపోలేదు. ఉప్పుమడుల కాలనీలో దావీదు కూతురు సువార్త. పుట్టినప్పటినుంచీ ఎడమకాలు సన్నం. ఇనప పట్టీల బూటు వేసుకుని, చంకలో కర్ర పెట్టుకుని నడుస్తుంది. చిన్నప్పుడు బడి బస్సు కోసం వచ్చి నన్నే ఆనుకుని నిలబడేది. బస్సు ఆలస్యమైతే నా మీది 4 అంకె మీద వేలు పెట్టి రాసిందే రాసేది. పలక మీద కంటే ముందు ఆ పిల్ల అంకె దిద్దింది నా మీదే. నాకు పసుపు ఎక్కాక నాగరత్తమ్మ ఊరుకోలేదు. "అమ్మోరి మీద చెయ్యేస్తావేందమ్మే, ఎడంగా నిలబడు" అంది. సువార్త జరిగి బంకు గుంజ పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి పోయిన రోజు నాకు బాధేసింది. దేవతను అయ్యానన్న సంబరం ఆ రోజుతో సగం చచ్చిపోయింది.

తర్వాత రోడ్డు వెడల్పు చేసే వాళ్ళు వచ్చారు. పెద్ద మిషను పళ్ళు నా దాకా వచ్చాయి. నాగరత్తమ్మ మా మధ్యన నిలబడి, "తియ్యండి చూద్దాం. ఆమెను లేపాలంటే ముందు నన్ను లేపాల" అంది. మేస్త్రీ నన్నూ, నా పసుపునూ చూసి మిషను వెనక్కి తిప్పించాడు. నేను బతికాను, నన్ను అడ్డం పెట్టుకుని ఆమె బంకు కూడా బతికింది. కొత్త బస్సు షెల్టరు మాత్రం నా దగ్గర కట్టడానికి చోటు చాలక, టౌను వైపు పెద్ద తూము దగ్గర కట్టారు. అది ఇక్కడికి మైలు పైనే. దాని మీద "టౌన్ సర్వీసు" అని రంగుతో రాశారు. బస్సు మాత్రం అలవాటు ప్రకారం షెల్టరు దాటి నా దాకా వస్తూనే ఉండింది, ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

అప్పుడొక ఆదివారం రఘునందనం వచ్చాడు. టౌన్లో బ్యాంకు ఉద్యోగి. సెలవు రోజున సైకిలేసుకుని రోడ్లన్నీ తిరిగి, చూసినవన్నీ ఫోనులో ఒక మ్యాపులో గుర్తు పెట్టడం ఆయన సరదా. ఆ మ్యాపు ఒకరి సొత్తు కాదట. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. జీతం లేని పనికి ఎండలో ఇంత తిరిగేవాళ్ళు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన నాకు దణ్ణం పెట్టి, ఫొటో తీసి, నన్ను గుడి అని గుర్తు పెట్టాడు. టౌన్ చార్జీ ఎక్కడిదాకా అని వెతికితే ఆయనకు కనిపించిన రాత షెల్టరు మీదిది. అక్కడే హద్దు గీత గీశాడు. ఆయన చేసింది అబద్ధమేమీ కాదు, కళ్ళెదుట ఉన్నది రాశాడు. నా ముఖం పసుపు కింద ఉండటం ఆయన తప్పా?

ఆ గీత ఫోనులోనే పడుండి ఉంటే నాకు దిగులు లేదు. కానీ ఆ ఏడు బస్సుల వాళ్ళు కొత్త టికెట్ మిషన్లు కొన్నారు. మిషన్లు తయారుచేసినవాళ్ళు స్టేజిలన్నీ ఆ మ్యాపులోంచే తీసుకున్నారు. మిషను షెల్టరు దాటగానే టౌన్ టికెట్టు కొట్టనని మొరాయించింది. టికెట్టు లేని రోడ్డు మీదికి బస్సెందుకని, ఒక సోమవారం బస్సు షెల్టరు దగ్గరే తిరిగి వెనక్కి పోయింది. ఆ పొద్దున కాలనీ వాళ్ళంతా నా దగ్గర నిలబడి టౌను వైపు చూస్తూనే ఉన్నారు. సువార్త కూడా. బస్సు రాలేదు, మర్నాడూ రాలేదు. స్టేజి షెల్టరుకు మారిందని బయటి ఊళ్ళ బస్సులు కూడా నా దగ్గర ఆగడం మానేశాయి.

కాళ్ళు బాగున్నవాళ్ళు షెల్టరు దాకా నడిచారు, తిట్టుకుంటూ. సువార్త డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. నాలుగు రోజులు ఆమె కూడా నడిచింది. ఉప్పు లారీలు పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోతుంటే, కర్ర గుచ్చుకుంటూ, ఆగి ఆగి. పట్టీలు ఒరుసుకుని కాలు పుండు పడింది. దావీదు సైకిలు మీద దింపుతానన్నాడు గానీ ఉప్పు తీసే కాలం, పొద్దున్నే మడిలో దిగకపోతే పని పోతుంది. అయిదో రోజు సువార్త కాలేజీకి పోలేదు. వాళ్ళమ్మ శాంతమ్మ నా పక్కన నిలబడి కళ్ళొత్తుకుంటూ నాగరత్తమ్మతో, "ఇంక సదువు మానిపిస్తా వొదినా. కాలు పోగొట్టుకుని సదివి ఏం జేసుద్ది" అంది. నాగరత్తమ్మ గ్లాసులు కడిగింది. బస్సు రాకపోయేసరికి కడగడానికి ఆ రోజు గ్లాసులు కూడా పెద్దగా లేవు.

సువార్త చదువు మానే రకం కాదు. మడి పని అయ్యాక దావీదు సైకిలు వెనక కూర్చుని డిపోకు పోయింది. డిపో పెద్దాయన మంచిగానే మాట్లాడాడట. ఫోను చూపించి, "ఇందులో హద్దు షెల్టరు దగ్గర ఉందమ్మా, నేనేం చెయ్యను. ఇందులో మారితే మిషన్లో మారుస్తాం" అన్నాడట. వచ్చి బంకు గుంజ ఆనుకుని నాగరత్తమ్మకు చెప్పింది ఇదంతా. "మ్యాపు ఎవరైనా దిద్దొచ్చంట అత్తా. నేనే దిద్దతా" అని అక్కడే కూర్చుని గీతను నా దాకా లాగింది. సాయంత్రానికి గీత మళ్ళీ షెల్టరు దగ్గరికి పోయింది. రఘునందనం వెనక్కి పెట్టాడు. ఈమె మళ్ళీ లాగింది. ఆయన మళ్ళీ పెట్టాడు. నేను పాతిన చోటునుంచి అంగుళం కదల్లేదు, నా హద్దు మాత్రం మేకపిల్లలాగా రోడ్డు మీద అటూ ఇటూ గెంతింది. చివరికి సువార్త మ్యాపులోనే ఆయనకు నాలుగు ముక్కలు రాసింది. "మీరు గీసిన గీత వల్ల మా కాలనీకి బస్సు ఆగిపోయింది సార్. ఒకసారి వచ్చి చూడండి."

ఆయన వచ్చాడు. బస్సు ఆగిన సంగతి ఆయనకు నిజంగానే తెలియదు. సువార్త కాలికి కట్టిన గుడ్డ చూసి ముఖం పాలిపోయింది. సైకిలు స్టాండు వెయ్యడం కూడా మరిచిపోతే అది వెనక పడిపోయింది.

"నేను సరదాగా చేసే పనమ్మా ఇది. దీనివల్ల బస్సు ఆగుతుందని కలలో కూడా అనుకోలేదు" అన్నాడు.

"అయితే మార్చండి సార్. హద్దు ఈ రాయి కాడ."

"మార్చాలనే ఉంది. కానీ మాకొక పద్ధతి ఉందమ్మా. ఎవరో చెప్పారని గీయకూడదు, అక్కడ కనిపించాలి. లేకపోతే ఎవరికి తోచింది వాళ్ళు గీస్తారు. అప్పుడు దాన్ని నమ్మేదెవరు?"

"కనపడుద్ది సార్. ఈ పసుపు కింద రాసుండాది. నాలుగు అంకె కూడా ఉండాది. చిన్నప్పుడు నేను దాని మీదే దిద్దుకున్నా."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాగరత్తమ్మ అప్పటికే నాకూ వాళ్ళకూ మధ్య వచ్చి నిలబడింది, ఆనాడు రోడ్డు మిషనుకు ఎదురు నిలబడ్డట్టే.

"అమ్మోరి పసుపు గీకుతారా? ఎవురు గీకేది?"

"గీకొద్దులే అత్తా, కొంచెం కడిగితే..."

"కడిగితే ఏమైద్దో నాకు తెల్సు. ఒట్టి బస్సు రాయేనంట అని ఊరంతా పాకుద్ది. రేపు మళ్ళీ మిషను తెచ్చి, రాయినీ నా బంకునూ కలిపి లేపుతారు. నేనేడికి పోవాల?"

ఆమె మాటలో భక్తి ఎంతో, భయం ఎంతో నాకు తెలుసు. రెండూ నిజమే. అందుకే నాకు ఆమె మీద కోపం రాలేదు. రఘునందనం ఏదో చెప్పబోతే సువార్త వద్దన్నట్టు తల ఊపింది. నాగరత్తమ్మ వైపు తిరిగి నెమ్మదిగా అంది. "ఒట్టి రాయని నేనెప్పుడూ అన్లా అత్తా. నీకు అమ్మోరు. నాకు చిన్నప్పటి పలక. నీ దాన్ని తీసెయ్యమని నేనడగను. నా దాన్ని చూపించమంటన్నా, అంతే." కర్ర తీసుకుని కాలనీ వైపు నడిచింది. కుంటుతూ పోయే ఆమె వీపును నాగరత్తమ్మ చాలాసేపు చూసింది. ఆమె మలుపు తిరగబోతుండగా కేకేసింది.

"ఓమ్మే సువార్తా. శుక్కురారం పొద్దున్నే రా. ఎట్టా నేను కడగాల్సిందే గదా. మళ్ళీ పసుపు పూసేలోపల మీరేం జూసుకుంటారో జూసుకోండి. ఆ సైకిలు సారును గూడా రమ్మను."

ఆ శుక్రవారం నేను మరిచిపోలేను. చెంబెడు నీళ్ళతో సరిపెట్టే మనిషి రెండు బిందెలు తెచ్చింది. చింతపండు తెచ్చింది, కొబ్బరి పీచు తెచ్చింది. కొంగు నడుముకు చుట్టి, నా ముఖాన నీళ్ళు పోసి రుద్దడం మొదలుపెట్టింది. ఏళ్ళనాటి పసుపు పొరలు పొరలుగా జారిపోతుంటే నాకు సిగ్గేసింది, హాయిగానూ ఉంది. చాలాసేపటికి ముందు 4 బయటపడింది. తర్వాత "హద్దు". ఆ తర్వాత మిగతావి, వంకరగా, లోతుగా, అంకయ్య చెక్కింది చెక్కినట్టే. నాగరత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళు తాను పూసిన ముఖాన్ని ఆమె తేరిపార చూడటం అదే మొదలు.

"హద్దులమ్మ అంటే ఇదా" అంది, పీచు పట్టుకునే.

రఘునందనం బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీశాడు. తర్వాత కొంచెం భయపడుతూనే అడిగాడు. "గుడి అని పెట్టాను. అది తీసెయ్యమంటారా?"

నాగరత్తమ్మ కళ్ళెర్రజేసింది. "ఎందుకు తియ్యాల? నేను పసుపు పూస్తానే ఉంటా గదా."

"ఒకే చోట రెండూ పెట్టొచ్చా సార్?" సువార్త అడిగింది.

"పెట్టొచ్చమ్మా. రెండూ ఉన్నాయి కదా, రెండూ పెడదాం. హద్దు మాత్రం నువ్వే గియ్యి" అని ఆయన ఫోను ఆమె చేతికిచ్చాడు. చిన్నప్పుడు నా మీద తిరిగిన వేలే ఫోను మీద తిరిగింది. షెల్టరు దగ్గరి గీతను పట్టుకుని, ఉప్పుమడుల కాలనీ మొత్తాన్ని లోపలికి తీసుకుంటూ, నా పాదాల దగ్గరికి తెచ్చి ఆపింది. ఈసారి దాన్ని ఎవరూ వెనక్కి లాగలేదు.

గీత కదిలినంత మాత్రాన బస్సు కదలదు లెండి, మనుషుల పని అట్లాగే ఉంటుంది. సువార్త ఫొటో పట్టుకుని మళ్ళీ డిపోకు పోయింది, ఈసారి రఘునందనం కూడా వెంట వెళ్ళాడు. పెద్దాయన చూస్తామన్నాడు, పైవాళ్ళకు పంపామన్నాడు, మిషన్లవాళ్ళు మార్చాలన్నాడు. ఆ మధ్యలో కాలనీ వాళ్ళు వంతులు వేసుకుని సువార్తను సైకిళ్ళ మీద షెల్టరు దాకా దింపారు. శాంతమ్మ చదువు మానిపించే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక పొద్దున సువార్త నా దగ్గర నిలబడి ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాయి, చేతిలో పుస్తకం ఉంది. ఆ రోజు కూడా శుక్రవారమే. నాగరత్తమ్మ నాకు వెనకవైపూ పక్కలకూ పసుపు పూసి, కుంకుమ పెట్టి, అక్షరాలున్న ముఖాన్నీ నెత్తినీ మాత్రం వదిలేసింది. సువార్త అది చూసి, "ఇదేంది అత్తా, సగమే పూశావు?" అంది.

"ఆ వైపు సదూకునేవాళ్ళు సదూకోవాల గదా" అంది నాగరత్తమ్మ, టీ వడకడుతూ. తర్వాత తలెత్తకుండానే అంది. "ఎంతసేపని ఆ గుంజ పట్టుకోని నిలబడతావు. ఆనుకో."

"అమ్మోరు గదా అత్తా."

"అమ్మోరయితే? బిడ్డ ఆనుకుంటే పడిపోద్దా?"

సువార్త గుంజ వదిలి, ఒక్కడుగు వేసి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి బరువంతా నా మీద వేసింది. చిన్నప్పటికంటే బరువైంది. నేను కొండలో పుట్టినదాన్ని, ఎంతైనా మోస్తాను. నాకు కళ్ళుంటే ఆ పొద్దున నీళ్ళు తిరిగేవి.

అంతలో టౌను వైపు నుంచి హారను వినిపించింది. చదునైన ఉప్పు నేల కాబట్టి అంత దూరమూ కనిపిస్తుంది, బస్సు షెల్టరు దగ్గర ఆగింది. అక్కడే తిరిగిపోతుందని అందరం చూస్తున్నాం. నాగరత్తమ్మ టీ వడకట్టే జాలి చేతిలో పట్టుకునే రోడ్డు మీదికి వచ్చింది. బస్సు తిరగలేదు. ఉప్పు కుప్పల మధ్యనుంచి మెల్లగా ఇటే వచ్చి, నా చుట్టూ తిరిగి, సువార్త ముందు ఆగింది. లోపలినుంచి కండక్టరు, "హద్దులమ్మ స్టేజీ, దిగేవాళ్ళు దిగండి" అని అరిచాడు. మిషన్లో ఇప్పుడు నా పేరు అట్లా వస్తుందట.

దిగేవాళ్ళు ఎవరూ లేరు. సువార్త కర్ర ముందు లోపల పెట్టి, కడ్డీ పట్టుకుని ఎక్కింది. బస్సు టౌను వైపు పోయింది. ఆ అమ్మాయి చెయ్యి పెట్టిన చోట కాసేపటిదాకా వెచ్చగానే ఉంది, ఎండ ఇంకా నా దాకా రాలేదు.